వార్తల్లో పదం: డైబ్యాక్

పచ్చని వేపచెట్టు కొమ్మల చివర్ల నుంచి మాడిపోతూ వస్తే, అది డైబ్యాక్. 2021లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఊరూరా వేపలు ఇలా ఎండడంతో ఈ మాట వార్తల్లోకెక్కింది.

కారణం ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం. 1997లోనే మైసూరు శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టారు. ఎండిన రెమ్మను దగ్గరగా చూస్తే సన్నటి నల్లచుక్కలుంటాయి. వాటిలోని బీజాలు వానచినుకులతో పక్క కొమ్మలకు చేరతాయి, గింజల ద్వారానూ వ్యాపిస్తాయి. లేత చిగుళ్లలో రసం పీల్చే టీ దోమ చేసే గాయాలు తెగులుకు తోడవుతాయి. పూత మాడితే వేపకాయలే ఉండవు. వేపపిండి, వేపనూనె వాడే రైతుకు అది నేరుగా నష్టం.

ఎండుకొమ్మలు కత్తిరించి తగలబెట్టాలి, అందినంతమేర కార్బెండజిమ్ పిచికారీ చేయాలి. పెద్ద మానులకు పిచికారీ కష్టమే. అయినా చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. కాబట్టి ఎండిందని వెంటనే నరికేయడం తొందరపాటే.