ఆసు పోసిన చేతులకు ఏదీ లెక్క?
పోచంపల్లి పట్టుచీర వెనుక ఆడవారి రెక్కల కష్టం

భూదాన్ పోచంపల్లి: పోచంపల్లి పట్టుచీర కట్టుకున్న పెళ్ళికూతురిని చూసి నేతగాని పనితనం మెచ్చుకోనివారుండరు. అయితే ఆ చీరలోని పువ్వులు, చిలకలు మగ్గం ఎక్కకముందే దారంలో సిద్ధమై ఉంటాయన్న సంగతి పట్నం నుంచి వచ్చి కొనుక్కుపోయేవారిలో చాలామందికి తెలియదు. ఆ పనిలో సగం భారం మోసేది ఇంటి ఆడవారే.

ఈ ప్రాంతంలో మొదట నూలు చీరలు, రుమాళ్ళే నేసేవారు. సుమారు 1970 నుంచి పట్టునేత పుంజుకుంది. బెంగుళూరు వైపు నుంచి వచ్చే ముడిపట్టును సబ్బునీళ్ళలో ఉడికించి, జిగురు పోగొట్టి, ఆరబెట్టి రాట్నం మీద చుడతారు. ఆ తర్వాత మొదలవుతుంది అసలు కష్టం.

తొమ్మిదివేల సార్లు

అర్ధచంద్రాకారంలో ఉండే కొయ్య చట్రమే ఆసు. దాని అంచున వరుసగా మేకులు, ఎదురుగా ఒక మేకు ఉంటాయి. ఆ మేకు నుంచి అంచు మేకులకు, అక్కడి నుంచి మళ్ళీ వెనక్కు దారం తిప్పుతూ పోవాలి. ఒక్క చీర పేకకు చెయ్యి ఇలా సుమారు 9,000 సార్లు ఆడాలి. చేత్తో పోస్తే నాలుగైదు గంటల పని. ఒక్క మేకు తప్పినా డిజైను చెడుతుంది. వంటపని ముగించుకుని ఆసు ముందు కూర్చునే ఇల్లాలికి రాత్రయ్యేసరికి భుజం, మోచేయి లాగేస్తాయి.

ఆసు మీది దారానికి గుర్తులు పెట్టి, సైకిలు ట్యూబు రబ్బరు పీలికలతో చిటికి కడతారు. కట్టినచోట రంగు అంటదు. ఒక్కో రంగుకు విప్పుతూ, మళ్ళీ కడుతూ పోవాలి. ఆ వరుస చెదరకుండా కండెలు చుట్టాలి. నేసేవాడు పోగు పోగునూ సరిచూసి కలిపితేనే చిలక చిలకలా కనిపిస్తుంది. ముసురు పట్టి గుంట మగ్గంలో నీరు ఊరిందంటే ఇంటిల్లిపాదికీ పని లేనట్టే.

ఇంతా చేస్తే కూలి ముట్టేది చీర లెక్కన. చాలా ఇళ్ళల్లో ఆసు పోసిన చేతికి, కండె చుట్టిన చేతికి వేరే పద్దు ఉండదు.

తల్లి బాధ చూసి

ఆలేరు మండలం శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక 1992లో ఆసు యంత్రం తయారీకి పూనుకున్నారు. పెద్ద చదువులేవీ లేకపోయినా పట్టు వదలక 1999 నాటికి పూర్తి చేసి, దానికి తల్లి పేరే పెట్టారు. యంత్రం మీద చీర ఆసు సుమారు గంటన్నరలో పూర్తవుతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. అయినా యంత్రం కొనే స్తోమత లేని ఇళ్ళల్లో ఇంకా చేతులే ఆడుతున్నాయి.

అద్దకం చీరతో పోటీ

మరోపక్క మిల్లు బట్ట మీద ఇదే డిజైను అద్ది, పోచంపల్లి పేరుతో చౌకగా అమ్మేస్తున్నారు. 2004-05లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీరను చేనేతకు కేటాయించిన 1985 నాటి చట్టమూ ఉంది. అయినా నకిలీల బెడద తీరలేదు. అద్దకం చీరకు ఆసు అక్కరలేదు, చిటికి అక్కరలేదు. అది ఎంతకైనా వస్తుంది. దాని ధర చూపించి అసలు చీరను బేరమాడితే కోత పడేది నేత ఇంటి కూలి మీదనే.

అసలును పోల్చుకోవడం కష్టమేమీ కాదు. చీర తిరగేసి చూడాలి. రెండువైపులా రంగు ఒకేలా ఉండి, పువ్వు అంచు కొద్దిగా చెదిరినట్టుంటే అది చిటికి కట్టినది. అంచు గీత గీసినట్టుండి, వెనుకవైపు వెలిసినట్టుంటే అద్దకమని అనుమానించాలి. కొంగు కుచ్చులోని ఒక పోగు కాల్చి చూస్తే పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ముద్దవుతుంది.

నకిలీలను అరికట్టే బాధ్యత అధికారులదే. అయితే శుభకార్యాలకు చీరలు కొనేటప్పుడు మనం ఈపాటి జాగ్రత్త పడినా, ఆసు పోసే ఆడవారి కష్టానికి కొంత విలువ కట్టినవారమవుతాం.