బొమ్మరిల్లు: కొలిచి కట్టుకుందాం

పరిచయం

చిన్నప్పుడు మీరు తడి ఇసుకలో కాలు దూర్చి పిచ్చుక గూళ్లు కట్టే ఉంటారు. బీహారులో ఆడపిల్లలు దీపావళికి మట్టితో ‘ఘరౌందా’ అనే చిన్న ఇల్లు కట్టి, రంగులు వేసి అలంకరిస్తారు. ఇల్లు కట్టి ఆడుకోవడం పిల్లలకు ఎక్కడైనా ఇష్టమే. అమ్మ వంట చేయడం, నాన్న పాపను నిద్రపుచ్చడం, ఇంటికి చుట్టాలు రావడం - చూసినదంతా వాళ్లు ఆటలో మళ్లీ చేస్తారు. ఇది ఆడపిల్లల ఆట మాత్రమే అనుకోకండి. మగపిల్లలకు ఇచ్చి చూడండి, వాళ్లూ ఆడతారు.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- ఇంటి కొలతలను 12వ వంతుకు తగ్గించగలుగుతారు;
- అట్టపెట్టెతో నాలుగు గదుల బొమ్మరిల్లు తయారుచేయగలుగుతారు;
- పిల్లలకు హాని చేసే వస్తువులను గుర్తించి, వాటిని పక్కన పెట్టగలుగుతారు.

ఎవరి కోసం కడుతున్నాం?

ఇంగ్లండు రాణి మేరీ కోసం తయారైన ఒక బొమ్మరిల్లు 1924లో పూర్తయింది. దాని నమూనా గీసినది ఎడ్విన్ లుటియెన్స్. ఢిల్లీలోని రాష్ట్రపతి భవనానికి నమూనా గీసినదీ ఆయనే. ఆ బొమ్మరింట్లో కుళాయిల్లో నీళ్లు వస్తాయి, విద్యుత్తు దీపాలు వెలుగుతాయి. ఇప్పుడది విండ్సర్ కోటలో ఉంది. అయితే అది చూడటానికి చేసినది, ఆడుకోవడానికి కాదు.

మనం కట్టేది నాలుగేళ్ల పిల్ల ఆడుకునే ఇల్లు. కాబట్టి మూడు విషయాలు ముందే అనుకోవాలి. పిల్ల చెయ్యి ప్రతి గదిలోకీ వెళ్లాలి. ఇల్లు తన ఇంటిలా ఉండాలి. దానిలో ఏది నోట్లో పెట్టుకున్నా ప్రమాదం ఉండకూడదు.

కొలతలు

రాణి బొమ్మరింటికి వాడిన కొలతే మనమూ వాడుకుందాం. అది 1:12. అంటే అసలు వస్తువులో 12 సెం.మీ. ఉన్నది బొమ్మరింట్లో 1 సెం.మీ. అవుతుంది. అడుగుల్లో చెప్పాలంటే అడుగుకు ఒక అంగుళం.

అసలు కొలతను 12తో భాగించండి:

- మనిషి ఎత్తు: 150 సెం.మీ. ÷ 12 = 12.5 సెం.మీ.
- గది ఎత్తు: 300 ÷ 12 = 25 సెం.మీ.
- గుమ్మం ఎత్తు: 210 ÷ 12 = 17.5 సెం.మీ.
- గుమ్మం వెడల్పు: 90 ÷ 12 = 7.5 సెం.మీ.
- మంచం పొడవు: 180 ÷ 12 = 15 సెం.మీ.

అన్ని కొలతలనూ ఒకే సంఖ్యతో భాగించాలి. లేకపోతే బొమ్మ గుమ్మంలో పట్టదు, మంచం మీద కాళ్లు బయటికి వస్తాయి. మీ దగ్గరున్న బొమ్మ 25 సెం.మీ. ఉంటే 150 ÷ 25 = 6. అప్పుడు అన్నింటినీ 6తో భాగించండి.

కావలసిన వస్తువులు

లోపల సుమారు 50 సెం.మీ. పొడవు, 50 సెం.మీ. వెడల్పు, 25 సెం.మీ. లోతు ఉన్న గట్టి అట్టపెట్టె ఒకటి. మరో పెట్టె నుంచి కత్తిరించిన రెండు అట్టలు. స్కేలు, పెన్సిలు, కత్తి, పాత కాగితాలు, మైదా. పెట్టె కొలత రెండు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు. దాని లోపలి కొలత ప్రకారం అట్టలు కత్తిరించుకోండి. పెట్టెకు ఇనుప పిన్నులుంటే పట్టకారుతో ముందే లాగేయండి.

తయారుచేసే పద్ధతి

1. పెట్టె మూత భాగం మీకు ఎదురుగా ఉండేలా నిలబెట్టండి. మూత రేకుల్లో పైదాన్ని కోసేయండి. కిందిది ముందుకు వాలిస్తే ముంగిలి అవుతుంది. పక్కవి రెండూ తలుపులవుతాయి.

2. అట్ట అంచును చూడండి. రెండు కాగితాల మధ్య అలల్లాంటి మడతలు కనిపిస్తాయి. ఆ మడతల వెంట అట్ట తేలికగా వంగుతుంది, వాటికి అడ్డంగా అంత తేలికగా వంగదు. అందుచేత నడిమి గోడకు మడతలు నిలువుగా, పై అంతస్తు నేలకు మడతలు ఎడమ నుంచి కుడికి ఉండేలా ఒక్కొక్కటి 50 × 25 సెం.మీ. అట్ట కత్తిరించండి.

3. నడిమి గోడలో కింది గదుల మధ్య ఒక గుమ్మం, పై గదుల మధ్య ఒక గుమ్మం కోయండి. రెండూ వెనక అంచుకు 3 సెం.మీ. ఇవతల ఉండాలి. కింద 1 సెం.మీ. గడపగా వదలండి.

4. గోడ ముందు అంచున, సరిగ్గా సగం ఎత్తులో, 12.5 సెం.మీ. లోపలికి గాడి కోయండి. నేల అట్టకు వెనక అంచున, సరిగ్గా మధ్యలో, అంతే పొడవు గాడి కోయండి. గాడి వెడల్పు అట్ట మందమంత ఉంటే చాలు.

5. ఒక గాడిలోకి మరో గాడి జొనిపితే రెండు అట్టలూ కూడిక గుర్తులా నిలబడతాయి. దాన్ని పెట్టెలోకి తోయండి. నాలుగు గదులు సిద్ధం.

6. పక్క గోడలకు 7.5 × 10 సెం.మీ. కిటికీలు కోయండి. పైన చుట్టూ 7.5 సెం.మీ. ఎత్తు అట్ట అతికిస్తే డాబాకు పిట్టగోడ అవుతుంది.

కత్తితో కోసే పని మీరే చేయండి. కింద చెక్క పెట్టుకుని, ఇనుప స్కేలు ఆనించి, ఒకే గీత మీద రెండు మూడుసార్లు కోయండి. కాగితాలు అతికించే పని పిల్లకు ఇవ్వండి.

జిగురు, రంగు

ఒక గిన్నెడు మైదాను ముందు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. మరో నాలుగు గిన్నెల నీళ్లు పోసి, సన్నని సెగ మీద చిక్కబడేదాకా తిప్పండి. పురుగు పట్టకుండా కొందరు ఇందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం. పిల్లల బొమ్మకు వాడే జిగురులో వేయకండి. ఏ రోజు జిగురు ఆ రోజే వాడి, ఇంటిని ఎండలో బాగా ఆరనివ్వండి.

అటక మీది పాత డబ్బాలో మిగిలిన రంగు పూయకండి. అందులో సీసం ఉండవచ్చు. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. 2016 నాటి నిబంధనల ప్రకారం ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదు. ఈ నిబంధనలు 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి. అంతకు ముందు కొన్న డబ్బాకు ఆ హామీ లేదు. రంగు కాగితాలు, పాత క్యాలెండర్లు అతికిస్తే చాలు.

సామాను

ఒక అగ్గిపెట్టె పొడవు సుమారు 5 సెం.మీ. మూడు ఖాళీ పెట్టెలు వరుసగా అతికిస్తే 15 సెం.మీ., అంటే మంచం పొడవు. అలాంటి రెండు వరుసలు పక్కపక్కన పెడితే మంచం అవుతుంది. గీసే మందున్న అంచులు కోసి పారేయండి. వంటింట్లోకి ఏటికొప్పాక లక్కపిడతలు పెట్టవచ్చు.

అయితే మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఒక పరీక్ష చేయాలి. 10 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు ఉన్న కాగితాన్ని 10 సెం.మీ. అంచు గుండ్రంగా తిరిగేలా చుట్టి, చివరలు ఒకదానికొకటి ఆనేలా అతికించండి. ఆ గొట్టం వ్యాసం సుమారు 32 మి.మీ. దానిలో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు ఏదైనా చిన్నపిల్లల గొంతులో అడ్డుపడవచ్చు. అలాంటి పిడతలు, పూసలు, గుండీలు పిల్ల పెద్దదయ్యేదాకా దాచి ఉంచండి. పండుగరోజైనా కాగితపు ఇంట్లో ప్రమిద వెలిగించకండి.

ఇల్లు పూర్తయ్యాక ఏ గది ఎక్కడో మీరు నిర్ణయించకండి. పిల్లనే అడగండి. వంటిల్లు మేడ మీద పెట్టినా సరిదిద్దకండి. ఇల్లు మీరు కట్టారు, కాపురం తనది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. మీ బల్ల ఎత్తు 72 సెం.మీ. 1:12 కొలతలో బొమ్మరింటి బల్ల ఎత్తు ఎంత?
2. బొమ్మ ఎత్తు 25 సెం.మీ. అయితే గుమ్మం ఎత్తు ఎంత ఉండాలి?
3. జిగురులో మైలుతుత్తం ఎందుకు వేయకూడదు?

జవాబులు: 1) 6 సెం.మీ. 2) 210 ÷ 6 = 35 సెం.మీ. 3) అది విషం, పిల్లలు బొమ్మలను నోట్లో పెట్టుకుంటారు.