పేజీ తిరిగినా పాఠం ఆగలేదు!

మా పాప మూడో తరగతి. ఓ సాయంత్రం కూర తరుగుతూ తెలుగు పాఠం చదవమన్నాను. గడగడా చదివేస్తోంది. ఇంతలో ఫ్యాను గాలికి పేజీ తిరిగిపోయింది. పాప మాత్రం ఆగలేదు! వెనక పేజీలోని వాక్యాలే చెప్పుకుంటూ పోతోంది. అనుమానం వచ్చి, కత్తిపీట పక్కకి నెట్టి, పాఠం మధ్యలో ఓ మాట మీద వేలు పెట్టి ‘ఇదేమిటి?’ అన్నాను. నీళ్లు నమిలింది. తెలుగులో ఎప్పుడూ తొంభైకి తగ్గని పిల్ల ‘రాష్ట్రం’ అన్న మాటను కూడబలుక్కోలేకపోయింది.

కోపం పట్టలేక రెండు దెబ్బలు వేశాను. మూడు రోజులు పుస్తకం ముట్టుకోలేదు. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టించింది బళ్లో టీచరొక్కరే కాదు, రోజూ అప్పచెప్పించుకున్న నేను కూడా!

ఇది మా ఇంటి సంగతే కాదట. 2024లో జరిగిన ‘అసర్’ సర్వే ప్రకారం మన దేశంలోని గ్రామాల్లో అయిదో తరగతి పిల్లల్లో సగం మందికి పైగా రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారు. పల్లెల సంగతి కదా అనుకోకండి. మా పాప టౌన్లో వేలకి వేలు ఫీజు కట్టే బడిలోనే చదువుతోంది.

‘మమ్మల్నెవరూ చదవమనలేదమ్మాయ్! చందమామ ఇంటికొస్తే ముందు నేనంటే నేనని కొట్టుకునేవాళ్లం’ అన్నారు మా అత్తగారు. ఆవిడ చదివింది అయిదో తరగతే. ఇప్పటికీ అద్దాలు పెట్టుకుని పేపరు మొత్తం చదువుతారు. 1947లో పుట్టిన చందమామ ఇప్పుడు రావడం లేదు. మరి పుస్తకాలు ఎక్కడ?

మనం కట్టే ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నామని మీకు తెలుసా? నాకూ తెలీదు. ఇన్నేళ్లూ డబ్బు కట్టి, మా శాఖా గ్రంథాలయం గడప తొక్కనేలేదు! కొద్దిపాటి డిపాజిట్ కట్టి పాప పేరున కార్డు తీసుకున్నాను. నేషనల్ బుక్ ట్రస్ట్ వారి నెహ్రూ బాల పుస్తకాలయం, సికింద్రాబాద్ ‘మంచి పుస్తకం’ వారి బొమ్మల పుస్తకాలు కొన్ని కొన్నాను. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితం. ఫోన్ పాప చేతికివ్వడం ఇష్టం లేక ప్రింట్లు తీయించి, సూదీదారంతో కుట్టాను.

పుస్తకం ఎంచుకునేందుకు ఓ చిట్కా ఉంది. పేజీలో తెలియని మాట వచ్చినప్పుడల్లా పిల్లల్ని ఒక వేలు ముడవమనండి. అయిదు వేళ్లూ ముడుచుకుంటే ఆ పుస్తకం ఇప్పటికి వద్దు. పేజీకి రెండు మూడు వాక్యాలే ఉంటే రెండు వేళ్లు ముడిచినా కష్టమే. మా పాప సంయుక్తాక్షరాల దగ్గర ఆగిపోయేది. అందుకని వత్తులు తక్కువున్న కథలతో మొదలుపెట్టాం. ‘మూడో తరగతి పిల్లకి ఒకటో తరగతి పుస్తకమా?’ అంది పక్కింటావిడ. తల కొట్టేసినట్టయింది గానీ పుస్తకం మార్చలేదు.

రాత్రి భోజనాలయ్యాక పావుగంట టీవీ బంద్, ఫోన్లు అలమర్లో. అందరం ఎవరి పుస్తకం వాళ్లు చదవాలి. మావారు మొదట్లో విసుక్కున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. నేను పెట్టుకున్న నియమాలు మూడే. తప్పు చదివితే వెంటనే అందుకోకూడదు, మనసులో అయిదు లెక్కపెట్టేదాకా ఆగాలి. చదివిన కథే మళ్లీ చదివినా అడ్డు చెప్పకూడదు. కథ అయ్యాక ప్రశ్నలు అడగకూడదు. మూడోదే కష్టం! ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నానో!

నాలుగు నెలలయింది. పాప ఇంకా నెమ్మదిగానే చదువుతోంది. బట్టీ మానేశాక తెలుగులో మార్కులు 94 నుంచి 78కి దిగాయి. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఆడలేదు. మళ్లీ బట్టీ పట్టిద్దామా అని ఒక్క క్షణం అనిపించింది కూడా.

మొన్న సాయంత్రం మావారు మిరపకాయ బజ్జీలు తెచ్చారు. బజ్జీలు అయిపోయాయి గానీ, నూనె పీల్చుకున్న పొట్లం కాగితం పట్టుకుని పాప గడప మీదే కూర్చుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటోంది. ఏదో వారపత్రికలో కథ, సగంలో చిరిగిపోయింది.

‘నాన్నా, మిగతా కాగితం ఏదీ? ఆ ముసలాయన మేక దొరికిందా లేదా?’ అంది.

మావారు నావైపు చూశారు. మాట్లాడకుండా చెప్పులేసుకుని బజ్జీల బండి దగ్గరికి బయల్దేరారు.