కండెకు హిస్టోను లెన్ని?

మన జీవకణపు కేంద్రకమున నించుమించు 2 మీటర్ల డి. ఎన్. ఏ. దారము చిక్కుపడక యెట్లిమిడినది? హిస్టోనులను మాంసకృత్తులు గుమిగూడి యేర్పడిన కోట్లకొలది కండెలపై నది నూలువలె జుట్టుకొనియుండును. దారమునకు ఋణవిద్యుత్తును హిస్టోనులకు ధనవిద్యుత్తును గలుగుటచే నవి యొండొంటి నంటియుండును.

కొసెల్ పండితుడు 1884లోనే పెద్దబాతు నెత్తురునుండి హిస్టోనును వేరుచేసెను. కాని యొక్క కండెకు హిస్టోను లెన్ని? వెలికిదీసినచో నవి విడిపోవును. విడిపోయిన పిదప నెన్ని కలిసియుండెనో యెట్లు తెలియును? 1975లో థామసు, కోర్న్‌బర్గు అను శాస్త్రజ్ఞులు ఇరుగుపొరుగు హిస్టోనులను ముందుగా రసాయనముతో ముడివేసి, ఆ ముద్దలను జెల్లులో విద్యుత్తుచే నడిపించిరి. బరువైనది మెల్లగా నడచును గదా! ఆ నడకనుబట్టి యెనిమిదని తేలెను: నాలుగు జాతులు, జాతికి రెండేసి. విడదీయుటకు మారుగా మరింత బిగించి లెక్కించిన యీ యుక్తి నాకు మిక్కిలి నచ్చినది. 1997లో ఎక్స్‌రే కిరణములతో దీసిన రూపమునందును ఎనిమిదియే కనబడెను. వానిచుట్టు దారము ఒకటిన్నర చుట్టుకు మించి తిరిగియుండెను.