తెగిన తీగ, నిలిచిన మగ్గము

విద్యుత్తీగలను, టెలిఫోను తీగలను తెంచువారికి కఠినశిక్ష విధింపవలెనని తరచుగా వినుచున్నాము. ఆ కాఠిన్యమును ఎవరి నష్టమునుబట్టి కొలువవలెనన్న ప్రశ్నకు మాత్రము సమాధానము వినరాదు. తీగ ఎవరి సొత్తో వారి నష్టమునే మన శాసనములు ముఖ్యముగా లెక్కించినవి. ఆ తీగ చివర కూర్చుండి పొట్ట పోసికొనువాని నష్టమును తూచుటకు వానియందు సరియైన త్రాసు లేదు. ఈ లోపమును షోలాపురపు సాలెవాడలనుండి చూచిన సుళువుగా బోధపడును.

షోలాపురమునకు తూర్పుదిక్కున సాఖర్‌పేట, అశోక్ చౌకు, అక్కల్‌కోట రోడ్డు ప్రాంతములందు నడచినచో తెలుగుదేశముననే యున్నట్లు తోచును. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు సీమలనుండి తరతరములుగా వలసపోయిన పద్మశాలీలు అచ్చట నిలుకడ చెందిరి. మార్కండేయుని గుడిని, తెలుగు మాటను వారు విడువలేదు. 1877లో వెలసిన పాతమిల్లు మొదలుగా పెద్ద మిల్లులు మూతబడినను, మరమగ్గముల కార్ఖానాలు ఆ యూరి నేతను నిలిపినవి. మగవారు మగ్గముకడ నిలువ, ఆడవారు బీడీలు చుట్టి సంసారము నీడ్చు ఇండ్లు అచ్చట వేలకొలది గలవు. రాజధానియందలి మన యిండ్లలోని దుప్పటియు తువ్వాలయు వారి చేతిమీదుగా వచ్చినవే కావచ్చును.

మరమగ్గముకడ పనిచేయువారిలో పెక్కుమందికి నెలజీతము లేదు. నేసినంతకే కూలి. ఒక రాత్రి తీగ తెగినదనుకొందము. నాడె పడుగునడుమ నిలుచును. విద్యుత్తు మరల వచ్చినపుడు, మగ్గము తన వేగము నందుకొనులోపల పడిన పేక పలుచగనో దట్టముగనో పడి, బట్టపై అడ్డుగీత తేలును. గీత తేలిన దుప్పటి రెండవరకపు సరుకగును. రంగుతొట్టిలో నూలుండగా యంత్రము నిలిచినచో రంగు సమముగా పట్టదు. సెల్‌ఫోను మూగవోయినచో నూలుధర తెలియదు, బేరము కుదరదు, ఖాతాలో పైకము పడదు. కావున నష్టము రెండువిధములు: చెడిన సరుకొకటి, పోయిన పనిగంటలొకటి. మొదటిది కార్ఖానా యజమానిది, రెండవది ముఖ్యముగా కూలివానిది.

ఇక శాసనము చూతము. 1910 నాటి భారత విద్యుచ్ఛక్తి చట్టము, సరఫరాను ఆపు నుద్దేశముతో తీగను తెంచినవానికి రెండేండ్లవరకు ఖైదుగాని, వేయి రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చుననెను. దానిస్థానమున వచ్చిన 2003 నాటి విద్యుచ్చట్టములోని 140వ సెక్షను ఆ నేరమునకే పదివేల రూపాయలవరకు జరిమానాతో సరిపెట్టినది. ఖైదు మాట లేదు. దాని సమీపముననే యున్న 136వ సెక్షనుప్రకారము, దుర్బుద్ధితో తీగను కోసికొనిపోయినవానికి మూడేండ్లవరకు ఖైదు కలదు. ఆ దొంగసొత్తును తెలిసియు కొన్నవానికి 137వ సెక్షను అంతటి శిక్షనే చెప్పుచున్నది. అనగా లోహము ధరకు శాసనమిచ్చిన విలువ, చీకటిలో కూర్చున్న వీధికి ఇయ్యలేదు. పాతసామాను అంగటికి తీగ నమ్మినవాడు జైలుకు పోవచ్చును. పగబట్టి పేటనంతటిని చీకటి చేసినవాడు, ఈ చట్టమువరకు, జరిమానా కట్టి యింటికి పోవచ్చును.

ప్రభుత్వ ఆస్తుల ధ్వంసనివారణకై 1984లో చేసిన చట్టము కలదుగదా యని న్యాయవాది మిత్రులు అడుగవచ్చును. కలదు. విద్యుత్తు, నీరు, తంతివార్తలవంటి వ్యవస్థలకు హాని చేసినవానికి అది సాధారణముగా ఆరునెలలకు తక్కువ గాకుండ అయిదేండ్లవరకు కఠినఖైదు విధించుచున్నది. షోలాపురమున విద్యుత్తు పంచునది మహారాష్ట్ర ప్రభుత్వ సంస్థయే గనుక అది యచ్చట వర్తించును. కాని ఆ చట్టము రక్షించునది ప్రభుత్వ ఆస్తిని. అట్టి తీగయే ప్రైవేటు కంపెనీదైన యూరిలో ఆ రక్షణ లేదు. మగ్గము నిలుచుట రెండుచోట్లను ఒక్కటే. శిక్ష మాత్రము స్తంభముమీది పేరునుబట్టి మారుచున్నది.

వార్తాతీగల విషయమున 1885 నాటి టెలిగ్రాఫు చట్టము మూడేండ్లవరకు ఖైదు చెప్పెను. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టపు శిక్షాసెక్షనులు 2024 జూను 26 నుండి అమలులోనికి వచ్చినవి. అత్యంత కీలకమని ప్రకటింపబడిన వ్యవస్థను చెరచినవానికి మూడేండ్లవరకు ఖైదుగాని, రెండుకోట్లవరకు జరిమానాగాని, రెండునుగాని. తక్కిన వ్యవస్థలకు హాని చేసినచో నష్టపరిహారమును, ఏబదిలక్షలవరకు జరిమానాయును. పరిహారమను మాటను శాసనకర్తలు తలచుట మెచ్చదగినదే. అది తీగ చివరనున్న కూలివానివరకు పోవునా యన్నదే మా సందేహము.

ఈ సందేహము ఊరక కలిగినది కాదు. ఇంగ్లండునందు స్పార్టన్ స్టీల్ అను వ్యాజ్యమున 1972లో అప్పీలుకోర్టు తీర్పు చెప్పినది. త్రవ్వకపు కాంట్రాక్టరు అజాగ్రత్తచే విద్యుత్తీగ తెగి యొక లోహపు కార్ఖానా నిలిచెను. కొలిమిలో నున్న లోహము చెడినందులకును, దానిపై రావలసిన లాభమునకును కోర్టు పరిహార మిప్పించెను. విద్యుత్తు లేని గంటలలో కరగింపవలసియుండిన తక్కిన లోహముపై లాభమునకు మాత్రము నిరాకరించెను. ఆ న్యాయమును షోలాపురమునకు అన్వయించినచో, తొట్టిలో చెడిన నూలుకు యజమానికి పరిహారము దక్కును. పోయిన పనిగంటలకు కూలివానికి ఏమియు దక్కదు.

శిక్షను పెంచినంతనే యంతయు చక్కబడునని మేము చెప్పము. కాఠిన్యము హద్దు మీరిన నేమగునో షోలాపురము ఎరుగును. 1930 మే నెలలో ఆ యూర సైనికశాసనము విధింపబడెను. 1931 జనవరి 12న ఆ యూరివారగు మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ శిందే, శ్రీకిసన్ సార్డా, కుర్బాన్ హుసేనులు ఎరవాడ చెరసాలలో ఉరితీయబడిరి. తెలుగునాడును ఎరుగును. 1942లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సర్క్యులరు పరప్రభుత్వము నెదిరించు మార్గములలో తీగలు తెంచుటను గూడ చేర్చినది. ప్రాణహాని కూడదని హెచ్చరించినది. ఆ యేడే ప్రభుత్వము సామూహిక జరిమానాల ఆర్డినెన్సు తెచ్చి, కొందరి చేతకు ఊరందరిని బాధ్యులను జేసెను. స్వతంత్రదేశమున నట్టి శిక్షకు తావుండరాదు. అట్లే, నేడు తీగ తెంచి ప్రభుత్వమును ఎదిరించుచున్నామనువారు మొదట కొట్టుచున్నది కూలివాని కడుపునే యని గుర్తింపవలెను.

కావున మేము కోరునది శిక్షయందు పొందిక. 140వ సెక్షనులో 1910 నాటి రెండేండ్ల ఖైదును వికల్పముగా మరల చేర్చవలెను. జైళ్లు నింపుటకై గాదు. భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 395వ సెక్షనుప్రకారము జరిమానా విధించినపుడు, పరిహారమును ఆ జరిమానాలోనుండియే యీయవలెను. అదియు సివిలుకోర్టులో రాబట్టదగిన నష్టమునకే. పదివేల రూపాయలను ఒక వీధి మగ్గములన్నిటికి పంచిన నేమి మిగులును? జరిమానా లేని శిక్ష విధించినపుడు మాత్రము, నష్టపడిన యెవరికైనను తగినంత పరిహార మిప్పించుటకు కోర్టుకు అదే సెక్షను అధికార మిచ్చుచున్నది. ఇప్పటి 140వ సెక్షనులో జరిమానా తప్ప వేరుశిక్ష లేనందున ఆ ద్వారము మూసికొనిపోయినది. ఖైదు మాటను చేర్చుట ఆ ద్వారమును తెరచుటయే.

రెండవది, అజాగ్రత్తగా త్రవ్వి తీగ తెంచిన కాంట్రాక్టరునకు 139వ సెక్షను పదివేలవరకే జరిమానా చెప్పుచున్నది. త్రవ్వుటకు ముందు తీగల యజమానులకు తెలుపుటకై 2023 మార్చిలో కేంద్రప్రభుత్వము ఒక యాపును ప్రారంభించినది. దానిని వాడక త్రవ్వినవానికి పనివిలువనుబట్టి జరిమానా యుండవలెను. మూడవది, తీగ తెగిన ప్రతి కేసునందును సరఫరా ఎన్ని గంటలు నిలిచెనో, ఎన్ని మగ్గములు ఆగెనో విద్యుత్సంస్థ కోర్టుకు లెక్క చూపవలెను. 151వ సెక్షనుప్రకారము కోర్టు విచారణకు పూనుకొనుటకు సంస్థవంటివారి ఫిర్యాదైన నుండవలెను, పోలీసు నివేదికయైన నుండవలెను. నేతగాడు స్వయముగా కోర్టు మెట్లెక్కి ఫిర్యాదు చేయుటకు వీలులేనపుడు, అతని నష్టమునైనను కోర్టుకు తెలియనీయుట న్యాయము.

ఇందులో శాసనసభలు చేయవలసినది కొంత, రాజధానిలోని న్యాయవాదులు నేడే చేయగలిగినది కొంత. పరిహారము కొరకు అర్జీ వేయుటకు క్రొత్త చట్టమక్కర లేదు. 1984 నాటి చట్టముక్రింద శిక్ష పడు కేసులందైనను, కూలివానికి పోయిన దినభత్యమును కోర్టుముందు పెట్టి అడుగువారు కావలెను. ఆ పని మన వృత్తివారిదే.