యజమాని ఐపీ పెడితే కూలి డబ్బు గతేమిటి?

యాడికి మండలంలో వేరుశనగ చేతికందని ఏడు ఇల్లు గడిచేది నెల జీతంతోనే. ఇక్కడి సున్నపురాయిని నమ్ముకుని బోయరెడ్డిపల్లిలో పెన్నా, గుడిపాడులో సాగర్ సిమెంటు ప్లాంట్లు వెలిశాయి. పక్కనే తాడిపత్రి చుట్టూ నాపరాళ్ళను కోసి పాలిష్ పట్టే చిన్న యూనిట్లున్నాయి. ఈ రెండు రకాల యజమానుల్లో ఎవరు చేతులెత్తేసినా కూలీకి ఒకే కష్టం. కానీ బకాయి వసూలుకు తొక్కాల్సిన గడపలు మాత్రం వేరు.

పెద్ద కంపెనీ సంగతికి దూరం పోనక్కర్లేదు. దాచేపల్లిలో, విశాఖలో ప్లాంట్లున్న ఆంధ్రా సిమెంట్స్ 2022 ఏప్రిల్‌లో దివాలా ప్రక్రియలో పడింది. 2023 ఫిబ్రవరిలో జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) అమరావతి బెంచి దాన్ని సాగర్ సిమెంట్స్‌కు అప్పగించే ప్రణాళికను ఆమోదించింది. గుడిపాడు ప్లాంటు ఈ సాగర్‌దే.

ఇలాంటి కేసు మొదలవగానే కంపెనీ పగ్గాలు డైరెక్టర్ల చేతి నుంచి, దివాలా ప్రక్రియను నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ చేతికి వెళతాయి. కంపెనీపై ఉన్న దావాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. నియామకమైన మూడు రోజుల్లో ఆయన ఒక ఇంగ్లిషు పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన వేయించాలి. అందులో ఇచ్చిన గడువులోగా కార్మికుడు ఫారం-డి నింపి, రావలసిన జీతం, వాడుకోని సెలవుల జీతం లెక్కకట్టి పంపాలి. జీతం చీటీలు, బ్యాంకు స్టేట్‌మెంటు, నియామక పత్రం జతచేయాలి. పదిమందీ కలిసి ఒక ప్రతినిధి ద్వారా ఫారం-ఇ ఇవ్వవచ్చు.

కార్మికులే కేసు వేయాలంటే? 2020 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం బకాయి కనీసం కోటి రూపాయలుండాలి. ఒక్కరి జీతం అంత కాదు కాబట్టి యూనియన్ తరఫున వేయాలి. కాన్పూరు జనపనార మిల్లు కార్మికుల కేసులో 2019లో సుప్రీంకోర్టు ఆ హక్కును ఖాయం చేసింది.

కొనేవాడు దొరక్క కంపెనీ ఆస్తులు అమ్మాల్సి వస్తే, ముందు ప్రక్రియ ఖర్చులు పోతాయి. ఆ వెంటనే కార్మికుల 24 నెలల బకాయి, తనఖా హక్కు వదులుకున్న బ్యాంకుల బాకీతో సమాన వరుసలో నిలుస్తుంది. సెలవు జీతమూ ఆ లెక్కలోదే. కార్మికుల కోవలోకి రాని ఉద్యోగులకు 12 నెలల జీతమే, అదీ తర్వాతి వరుసలో. దివాలా ప్రక్రియ నడిచే రోజుల జీతానికి ఇంకో మెలిక ఉంది. ఏబీజీ షిప్‌యార్డ్ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పిందాని ప్రకారం, ఆ కాలంలో కంపెనీ నడిచి, కార్మికుడు నిజంగా పనిచేసి ఉంటేనే ఆ జీతం ప్రక్రియ ఖర్చుల్లో చేరుతుంది.

పీఎఫ్, గ్రాట్యుటీలది వేరే దారి. అవి అమ్మకపు ఆస్తుల్లో కలవవు. 2019లో విమానాలు ఆపేసిన జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగులకు ఈ రెండూ పూర్తిగా చెల్లించాలని అప్పీలు ట్రైబ్యునల్ 2022లో తీర్పిచ్చింది. మరుసటి జనవరిలో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. అయినా కంపెనీ నిలబడలేదు. 2024 నవంబరులో అదే కోర్టు దాన్ని మూసి ఆస్తులు అమ్మమంది.

బ్రిటన్‌లో యజమాని దివాలా తీస్తే ప్రభుత్వ నిధి నుంచే గరిష్ఠంగా 8 వారాల జీతం, 6 వారాల సెలవు జీతం ఒక పరిమితికి లోబడి చెల్లిస్తారు. మన దేశంలో అలాంటి నిధి లేదు.

ఇక ఒక్కడి పేరునో, నలుగురి భాగస్వామ్యంలోనో నడిచే నాపరాయి యూనిట్ మూతపడితే ఎన్‌సీఎల్‌టీ ఊసే లేదు. అక్కడ కార్మిక శాఖనే ఆశ్రయించాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం, పని పోయినా, సంస్థ మూతపడినా రెండు పనిదినాల్లో జీతం ఇచ్చేయాలి. ఇవ్వకపోతే మూడేళ్ళలోగా ఫిర్యాదు చేసుకోవచ్చు.

సిమెంటు ప్లాంట్లలో లోడింగు, ప్యాకింగు వంటి పనులకు కాంట్రాక్టర్ కింద చేరే కూలీలకు మరో ఆధారం ఉంది. కాంట్రాక్టర్ జీతాలు ఎగ్గొట్టి మాయమైతే, వాటిని ఆ పని చేయించుకున్న కంపెనీయే చెల్లించి, తర్వాత కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవాలి. ఏ ప్లాంటులో ఎన్నాళ్ళు పనిచేశారో చూపడానికి గేటు పాసు, హాజరు చీటీ, పీఎఫ్ పాస్‌బుక్ అక్కరకొస్తాయి.