పదకొండు మంది దొరికితేనే సీజన్

బల్గేరియా ఫుట్‌బాల్ అనగానే మనలో పాతతరం అభిమానులకు 1994 ప్రపంచ కప్ గుర్తొస్తుంది. క్వార్టర్ ఫైనల్లో జర్మనీని 2-1తో ఇంటికి పంపి, చివరికి నాలుగో స్థానంలో నిలిచిన జట్టు అది. ఆ టోర్నీలో ఆరు గోల్స్ కొట్టిన హ్రిస్టో స్టోయిచ్‌కోవ్ ఆ ఏడాదే బాలన్ డోర్ అందుకున్నాడు. ఆయన రాజధాని సోఫియాలోని సి.ఎస్.కె.ఎ. క్లబ్బులో చేరకముందు హర్మాన్లీ అనే చిన్న పట్టణంలో హెబ్రోస్ క్లబ్బుకు ఆడాడు. అలాంటి చిన్న క్లబ్బుల కంటే ఇంకా కింద ఒక ప్రపంచం ఉంది. జీతాలు లేవు, టీవీ కెమెరాలు లేవు. అక్కడ సీజన్ అంటే ఏమిటో, దాని పాయింట్ల పట్టికను ఎలా చదవాలో ఓపిగ్గా చూద్దాం.

బల్గేరియాలో పైన ఉన్న మొదటి, రెండో లీగులు రెండే వృత్తి ఆటగాళ్లవి. మూడో లీగు నుంచి అంతా అమెచ్యూర్ ఆటే. మూడో లీగును దేశం నాలుగు మూలలకూ నాలుగు గ్రూపులుగా విడగొట్టారు: వాయవ్యం, ఈశాన్యం, నైరుతి, ఆగ్నేయం. దాని కింద ఆబ్లాస్ట్ లీగులు. ఆబ్లాస్ట్ అంటే మన జిల్లా లాంటిది. దేశంలో 28 ఉన్నాయి. జిల్లా స్థాయిలో పై మెట్టును 'ఎ' గ్రూప్ అంటారు. జట్లు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో దాని కింద 'బి' గ్రూప్ కూడా నడుస్తుంది. జిల్లా విజేత నేరుగా మూడో లీగులోకి వెళ్లిపోతుందనుకోకండి. చాలాసార్లు పక్క జిల్లా విజేతతో బరాజ్, అంటే ప్లేఆఫ్ మ్యాచ్, ఆడి గెలవాలి.

సీజన్ రెండు ముక్కలుగా ఉంటుంది. వేసవి చివర్లో మొదలై నవంబరులో ఆగేది శరదృతువు సగం. మంచు కురిసే నెలల్లో మైదానాలకు తాళం. మళ్లీ మార్చిలో మొదలై జూన్ నాటికి ముగిసేది వసంతం సగం. పన్నెండు జట్లుంటే ప్రతి జట్టూ మిగతా పదకొండింటితో సొంత ఊళ్లో ఒకసారి, వాళ్ల ఊళ్లో ఒకసారి ఆడుతుంది. మొత్తం 22 మ్యాచ్‌లు. పదకొండు జట్లే ఉంటే ప్రతి వారం ఒక జట్టుకు సెలవు. గెలిస్తే మూడు పాయింట్లు, డ్రా అయితే ఒకటి. ఇక్కడిదాకా ఏ దేశపు లీగైనా ఇంతే.

తేడా తెలిసేది స్కోర్లను ఒక్కొక్కటిగా చూసినప్పుడు. పట్టికలో 3-0 అనే ఫలితం కనిపిస్తే ఒక్క క్షణం ఆగాలి. అది నిజంగా మూడు గోల్స్ కొట్టి గెలిచినది కావచ్చు. లేదా ప్రత్యర్థి జట్టు అసలు రాకపోవడం వల్ల నిబంధన ప్రకారం ఇచ్చిన గెలుపు కావచ్చు. శరదృతువులో ఇలాంటివి ఒకటీ అరా ఉంటే, వసంతంలో పెరుగుతాయి. కారణం ఆటలో లేదు, ఊళ్లో ఉంది. బల్గేరియా 2007 జనవరి 1న ఐరోపా సమాఖ్యలో చేరింది. ఆ తర్వాత పనికోసం జర్మనీకో స్పెయిన్‌కో వెళ్లడం ఊళ్లలో మామూలైంది. చలికాలంలో ఇద్దరు రక్షకులు, ఒక గోల్‌కీపర్ వలస వెళ్లిపోతే, మార్చిలో ఆ జట్టు కోచే బూట్లు వేసుకోవాల్సిన పరిస్థితి. అది కూడా కుదరకపోతే జట్టు లీగు నుంచి తప్పుకుంటుంది. అప్పుడు మిగిలిన అన్ని జట్ల లెక్కలూ తారుమారవుతాయి.

మ్యాచ్‌కు ముందు రిఫరీల గదిలో జరిగే పని చూస్తే ఈ ఆటగాళ్ల కొరత కళ్లకు కడుతుంది. రెండు జట్లూ ఆటగాళ్ల కార్డులు, వైద్య పరీక్ష ముద్ర పడిన కాగితాలు తెచ్చి బల్లమీద పెడతాయి. రిఫరీ ఒక్కో ఫొటోనూ మనిషినీ పోల్చి చూస్తాడు. మ్యాచ్ పత్రంలో పేర్లకు పద్దెనిమిది గళ్లు ఉంటే, నింపగలిగేది పన్నెండో పదమూడో. అందులో ఒక పేరు పదిహేడేళ్ల కుర్రాడిది, ఇంకొకటి నలభై దాటిన మనిషిది. బయట సున్నంతో గీసిన గీతలు ఇంకా తడిగానే ఉంటాయి. గట్టుమీద పెద్దవాళ్లు పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూర్చుంటారు. ఊళ్లో ఆదివారం జనం ఒకచోట చేరే సందర్భాల్లో ఇదొకటి కాబట్టి, ఆట బాగోకపోయినా ఎవరూ మధ్యలో లేచి వెళ్లరు.

ఈ క్లబ్బులు ఎలా పుట్టాయో తెలిస్తే ఎందుకు కుంగుతున్నాయో కూడా తెలుస్తుంది. పేర్లలోనే చరిత్ర ఉంది. లోకోమోటివ్ అంటే రైల్వే వాళ్ల జట్టు, మిన్యోర్ అంటే గని కార్మికులది. బోతెవ్, లెవ్‌స్కీ అనే పేర్లు ఒట్టోమన్ పాలనపై పోరాడి ప్రాణాలిచ్చిన వీరులవి. 1876లో మరణించిన కవి హ్రిస్టో బోతెవ్, 1873లో ఉరికంబమెక్కిన వాసిల్ లెవ్‌స్కీ. కమ్యూనిస్టు కాలంలో కర్మాగారమో, సహకార వ్యవసాయ క్షేత్రమో క్లబ్బును పోషించేది. 1989లో ఆ పాలన కూలిన తర్వాత ఆ యజమానులే లేకుండా పోయారు. ఇప్పుడు బస్సు కిరాయి, రిఫరీల రుసుము, జెర్సీలు అన్నీ పురపాలక సంఘం ఇచ్చే కొద్దిపాటి సాయం మీద, ఊళ్లో వ్యాపారం చేసుకునే ఒకరిద్దరి మంచితనం మీద ఆధారపడ్డాయి.

దానికి తోడు జనం తగ్గిపోయారు. 1985 జనగణనలో బల్గేరియా జనాభా దాదాపు 89 లక్షలు. 2021 నాటికి 65 లక్షలు. డాన్యూబ్ ఒడ్డున వాయవ్య మూలన ఉన్న విదిన్ జిల్లా పరిస్థితి మరీ ఘోరం. 2001లో అక్కడ లక్షా 30 వేల మంది ఉండేవాళ్లు, 2021లో 75 వేల మందే మిగిలారు. అలాంటి జిల్లాలో లీగు నడపడమంటే ఏటా వేసవిలో ఎన్ని ఊళ్లు పేరు నమోదు చేసుకుంటాయోనని ఎదురుచూడటమే. బతికున్న జట్ల సంఖ్యే అక్కడి అసలు వార్త, విజేత ఎవరన్నది తర్వాతి మాట.

ఇక్కడ ఒక విచిత్రమైన సంగతి చెప్పాలి. విజేతగా నిలిచిన జట్టు పైమెట్టు వద్దనడం ఈ లీగుల్లో అరుదు కాదు. పై లీగుకు వెళితే ప్రయాణాలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది, పిల్లల జట్లను నడపాలన్న షరతులు ఉంటాయి. గెలిచి కూడా ఉన్నచోటే ఉండిపోవడాన్ని పిరికితనం అనలేం. అప్పుచేసి ఎక్కి, ఏడాదిలో మూతపడటం కంటే అది తెలివైన నిర్ణయం.

పెద్ద క్లబ్బులకు కూడా ఈ మెట్లు కొత్త కాదు. 1967లోనూ 1982లోనూ యూరోపియన్ కప్ సెమీఫైనల్ ఆడిన సి.ఎస్.కె.ఎ. సోఫియా, అప్పుల వల్ల 2015లో లైసెన్సు కోల్పోయి మూడో మెట్టుకు పడింది. ఏడాదంతా చిన్న పట్టణాల జట్లతో ఆడింది. ఆ సీజన్‌లోనే, 2016 మే నెలలో, మొంతానా జట్టును 1-0తో ఓడించి బల్గేరియా కప్ గెలిచింది. వేలమంది అభిమానులున్న క్లబ్బుకు తిరిగి లేవడం సాధ్యమైంది. ఐదారు వందల ఇళ్లున్న ఊరి క్లబ్బుకు ఆ అదృష్టం ఉండదు. ఒకసారి మూతపడితే మైదానంలో పిచ్చిగడ్డి మొలుస్తుంది.

అమెచ్యూర్ ఆటగాళ్లంటే తీసిపారేయాల్సిన వాళ్లు కాదు. ఐరోపాలో ప్రాంతాల అమెచ్యూర్ జట్లకు 1999 నుంచి యుయెఫా రీజియన్స్ కప్ జరుగుతోంది. 2005లో సోఫియా నైరుతి జట్టు, 2007లో బల్గేరియా ఆగ్నేయ జట్టు ఆ పోటీలో ఫైనల్ దాకా వెళ్లాయి. రెండుసార్లూ ఓడారు గానీ, పగలు పనికి వెళ్లి సాయంత్రం సాధన చేసే మనుషులు సాధించిన ఘనత అది.

కాబట్టి ఎప్పుడైనా ఇలాంటి జిల్లా లీగు పట్టిక మీ కంటపడితే, పై నుంచి కాకుండా కింది నుంచి చదవండి. అట్టడుగున ఉన్న జట్టు ఎన్ని మ్యాచ్‌లు ఆడిందో చూడండి. ఒక్క మ్యాచ్ ఎగ్గొట్టకుండా 22కి 22 ఆడి ఉంటే, పాయింట్లు నాలుగే ఉన్నా సరే, ఆ ఊరి సీజన్ విజయవంతమైనట్టే.